జాలీకి అవతల

ఫ్లామినియాకి వచ్చిన చిక్కు ఒక్కటే. వాదనలో ఆమెకి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. అయినా ఆమె గెలవలేదు.

ఇటలీలో ఒక కొండ ఊళ్ళో, సెయింట్ క్రిస్టినా పేరున ఉన్న కన్యల మఠంలో ఆమె పాటగత్తె. చివరి ప్రమాణం ఇంకా తీసుకోలేదు కాబట్టి తల మీద ఉన్నది తెల్ల ముసుగే, నల్ల ముసుగు రావాలి. అయితేనేం, అంత పైకి వెళ్ళి అంత తేటగా నిలిచే గొంతు ఆ మఠంలో మరొకటి లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందరికంటే ముందు ఫ్లామినియాకే తెలుసు.

అక్కడ పాట నేర్పేది మదర్ ఓర్సోలా. పదిహేనో ఏట మఠంలోకి వచ్చిన మనిషి, జుట్టు ముగ్గుబుట్టయ్యేదాకా గడప దాటి ఎరగదు. ఫ్లామినియా చిన్నపిల్లగా వచ్చిన కొత్తలో, ఆ పిల్ల ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలి కణుపు మీద ఒక్కో స్వరం ఉంటుందని నొక్కి చూపించింది ఈవిడే. కణుపు నొక్కగానే ఆ స్వరం పలకాలి. చలికాలంలో వేళ్ళు కొయ్యబారిపోతే వాటిని తన చంకలో పెట్టుకుని వెచ్చచేసి, మళ్ళీ పాఠం ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి మొదలుపెట్టేది.

అలా పెంచిన పిల్లే ఇవాళ ఆమె ముందు నిలబడి వేలు చూపిస్తూ వాదిస్తోంది.

గొడవ పండగ పాట గురించి. సెయింట్ క్రిస్టినా పండగ దగ్గరికొచ్చింది. ఎప్పటిలాగే నాలుగు గొంతుల పాట పాడదామంది ఓర్సోలా. ఫ్లామినియా వద్దంది. వద్దని ఊరుకునే రకం కాదు కదా, ఎందుకు వద్దో మొదటినుంచీ చెప్పుకొచ్చింది.

పూర్వం మఠాల్లో అందరూ కలిసి ఒక్కటే వరస పాడేవాళ్ళు. తోడు వాయిద్యం లేదు, హంగు లేదు, దేవుడి మాట దేవుడి మాటలాగే వినబడేది. తర్వాత ఎవరికో ఆ వరసని సాగదీసి దాని మీద ఇంకో గొంతుని ఆడించాలని బుద్ధి పుట్టింది. బాగుంది కదా అని మూడోది వచ్చింది, నాలుగోది వచ్చింది. గొంతు మీద గొంతు పేర్చుకుంటూ పోయి చివరికి ఏం చేశారు? ఒకరు ‘ప్రభువా’ దగ్గర ఉంటే ఒకరు ‘కరుణించు’ దగ్గర ఉంటారు. మూడో ఆవిడ ఇంకా నోరే తెరవదు. నాలుగో ఆవిడ అందరికంటే ముందు ముగించి వీళ్ళ కోసం ఎదురుచూస్తుంది. వినేవాడికి ఒక్క ముక్క అందదు. ఇది పాటా, సంతా?

పెద్ద ఊళ్ళలో ఇదంతా ఎప్పుడో మానేశారనీ, అక్కడ ఇప్పుడు ఒక్క మనిషే పాడుతుందనీ, కింద లూట్ అనే తీగల వాయిద్యం ఒకటి ఆసరాగా మోగుతుంటే మాట మాటా మనిషి మాట్లాడినట్టే వినబడుతుందనీ, రాళ్ళు కూడా ఏడుస్తాయనీ చెప్పింది. మనం మాత్రం ఇంకా ముత్తవ్వల పాట పాడుతున్నామంది.

అక్కడున్న అక్కలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండో గొంతు పాడే ఇప్పోలిటాకి కోపం వచ్చింది. అట్టడుగు గొంతు పాడే గౌడెంజియాకి మాత్రం నవ్వొచ్చింది. మగవాళ్ళు కాలు పెట్టని ఇంట్లో మంద్రపు వరసని కూడా ఎవరో ఒక ఆడమనిషే మొయ్యాలి. అది ఈమె వంతు. పొడుగ్గా, భారీగా ఉండే గౌడెంజియా, పిల్ల చెప్పింది నిజమేననీ, తనేం పాడుతుందో తనకే ఒక్కోసారి తెలియదనీ ఒప్పేసుకుంది.

ఆమె అన్నదాంట్లో హాస్యం ఎంతుందో నిజం అంతుంది. పాటలు రాసిన పెద్ద పుస్తకం ఒక్కటే, బల్ల మీద తెరిచి పెడతారు. తెరిచిన పుటల్లో నాలుగు మూలలా నాలుగు వరసలు విడివిడిగా ఉంటాయి. ఎవరి మూల వాళ్ళే చూసి పాడుకోవాలి. ఫ్లామినియా తన మూలలో ఉన్నదంతా కళ్ళు మూసుకుని పాడగలదు. మిగతా మూడు మూలలకేసి ఆమె ఎప్పుడూ చూసింది లేదు.

ఓర్సోలా అంతా విని, అటువైపు కూర్చున్నవాళ్ళకి మాటలు వినబడవని గట్టిగా తెలుసా అని అడిగింది.

“ఎవరైనా చెప్పగలరమ్మా” అంది ఫ్లామినియా.

“నేను చెప్పలేనే. నేనెప్పుడూ అటువైపు కూర్చోలేదు.”

అటువైపంటే బయటి చర్చి. ఆ మఠంలో చర్చి ఒకటే గానీ మధ్యలో గోడ కట్టి రెండు చేశారు. లోపలి సగం సన్యాసినులది, బయటి సగం ఊరిది. గోడలో ఒక పెద్ద ఇనుప జాలీ, దానికి తెర. పాట అటు వెళుతుంది, మనిషి వెళ్ళకూడదు. ఊరివాళ్ళకి లోపలివాళ్ళు కనబడరు. లోపలివాళ్ళకి ఊరు కనబడదు. అందుకే ఈస్టర్ నాడు ఓర్సోలా ముచ్చటపడి ఒక పాట మొత్తం ఫ్లామినియా ఒక్కదానికే ఇచ్చినప్పుడు, జనం మొహాలు చూసే వీలు ఆ పిల్లకి లేకపోయింది. కాకపోతే తెర అవతల జనం ముక్కులు చీదుకున్న చప్పుడు లోపలికి స్పష్టంగా వినబడింది. ఆ చప్పుడు ఆమె చెవుల్లోంచి ఇంకా పోలేదు.

“నువ్వు వచ్చే వారం బయటికి వెళుతున్నావుగా” అంది ఓర్సోలా.

అది ఓర్సోలా రోజుల్లో లేదు, తర్వాత మఠంలో వచ్చిన ఆచారం. చివరి ప్రమాణం తీసుకోబోయే పిల్లని కొన్నాళ్ళు బయటికి పంపిస్తారు. బంధువులింట్లో ఉండాలి. బిషప్ గారి తరపున ఒక ఫాదర్ వచ్చి, ఎవరి బలవంతమూ లేకుండా వస్తున్నావా అని అడుగుతాడు. అవునంటే మళ్ళీ లోపలికి రావడం, ఇక జన్మకి బయటికి వెళ్ళకపోవడం.

“ఆదివారం పూజకి వెళ్ళు. ముందు కూర్చోకు, వెనక బెంచీల్లో కూర్చో. మేం నాలుగు గొంతుల పాట పాడతాం. మాటలు వినబడ్డాయో లేదో నాకొచ్చి చెప్పు. వినబడకపోతే పండగ పాట నీది. నువ్వొక్కదానివే పాడు.”

ఫ్లామినియాది ఎగిరి గంతేసే వయసే గానీ, ముసుగు ఉన్నందుకైనా నెమ్మదిగా ఉండాలి కదా. ఆదివారం నా వంతు ఎవరు పాడతారని మాత్రం అడిగింది.

“నేనున్నానుగా” అంది ఓర్సోలా.

అక్కలు మళ్ళీ మొహాలు చూసుకున్నారు. ఓర్సోలా గొంతు చీలిపోయి చాలా ఏళ్ళయింది. నేర్పడానికి కూనిరాగం తీస్తుంది తప్ప ఆవిడ పూజలో పాడగా కొత్తవాళ్ళెవరూ వినలేదు.

*

ఆదివారం పొద్దున ఫ్లామినియా పెద్దమ్మ గారింటి నుంచి పెద్దమ్మ గౌను వేసుకుని బయలుదేరింది. అది ఆమెకి ఇద్దరు పట్టేంత వదులు. చర్చిలో వెనక బెంచీ వెతుక్కుంటే, ఇద్దరి మధ్య కొంచెం చోటు కనబడింది. ఒక పక్క బ్రిజిదా అనే నడివయసావిడ. ఇంకో పక్క టెబాల్డో అనే ముసలాయన, ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలు చేసినవాడు. వాళ్ళిద్దరూ ప్రతి వారం ఆ బెంచీ మీదే కూర్చుంటారని, ప్రతి వారం పోట్లాడుకుంటారని ఆమెకి కూర్చున్న నిమిషానికే తెలిసిపోయింది. మధ్యలోకి ఈమె రావడంతో పోట్లాట ఆగలేదు, ఈమె మీదుగా సాగింది.

బ్రిజిదా ఈమెకి ఆయన్ని చూపించి, ఈ తాతకి వెనక నుంచి ఎద్దుల బండి వచ్చినా వినబడదు గానీ పాట వినడానికి మాత్రం తయారవుతాడని చెప్పింది. ఆయనకి అది వినబడలేదు. వినబడలేదన్న సంగతి గ్రహించి, ఏదో తిట్టే ఉంటుందనుకుని, నీ నోరు పడిపోనూ అన్నాడు సంతోషంగా.

లోపల పాట మొదలైంది.

ఫ్లామినియా ఊపిరి బిగబట్టి, ఒక్క మాట చిక్కుతుందేమోనని చెవి ఒగ్గింది. ఒక గొంతు ముందు వచ్చింది, దాని కాళ్ళకి అడ్డం పడుతూ రెండోది, ఆ సందులోంచి మూడోది. రాతి గోడలకి కొట్టుకుని అన్నీ కలిసి ముద్దయిపోయాయి. ఆ కీర్తన ఆమెకి కంఠతా వచ్చు. అయినా ఏ మాట ఎక్కడుందో పట్టుకోలేకపోయింది. తను చెప్పింది అక్షరాలా నిజం. పండగ పాట తనదైపోయింది.

ఆ సంబరంలో బ్రిజిదా వైపు తిరిగి, వాళ్ళేమంటున్నారో ఏమైనా అర్థమవుతోందా పిన్నీ అని గుసగుసగా అడిగింది.

“ష్” అంది బ్రిజిదా. “మా చెల్లెలు వస్తోంది.”

ఫ్లామినియా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఎవరూ రావట్లేదు.

బ్రిజిదా కళ్ళు మూసుకుని ఉంది. పాటలో ఎక్కడో మధ్యలో, ఫ్లామినియా ఇన్నాళ్ళూ తన వరసకి ఆసరాగా తప్ప మరోలా ఎంచని రెండో గొంతు, మెల్లగా మెట్లు దిగినట్టు దిగింది. బ్రిజిదా తల దానితోపాటు దిగింది. ఇప్పోలిటా! ఆమె ఇక్కడ మెట్టు దిగేముందు ఒక చిన్న ఊగు ఊగుతుందని ఫ్లామినియాకి ఇప్పటిదాకా తెలియదు. పక్కనే నిలబడి ఏళ్ళ తరబడి పాడింది, తెలియదు.

అప్పుడు చూసింది ఫ్లామినియా జనంలోకి. ముందు బెంచీలో ఒక తల్లి ఒకచోట తల ఊపితే, ఆమె వెనకున్న అన్నదమ్ములు ఇంకోచోట ఊపుతున్నారు. అందరూ ఒకే పాట వినడం లేదు. ఎవరి దారం వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు.

ముసలాయన ఇంకా కదల్లేదు. ముందు బెంచీ వీపు మీద రెండు అరచేతులూ ఆనించి, ఏదో పిట్ట వాలాలని ఎదురుచూస్తున్నవాడిలా ఉన్నాడు. కాసేపటికి అన్నిటికంటే కిందనుంచి, నేల లోంచి వచ్చినట్టు, గౌడెంజియా గొంతు లేచింది. టెబాల్డో మొహం విప్పారింది.

“మా పిల్ల” అన్నాడు ఫ్లామినియాతో, చర్చిలో ఉన్నానన్న ధ్యాస లేకుండా బిగ్గరగా. చుట్టుపక్కలవాళ్ళెవరూ కోప్పడలేదు. అలవాటైపోయి ఉంటుంది.

ఇంతలో అన్నిటికంటే పైవరస విడిగా తేలింది. ఫ్లామినియా వరస. అది పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట చీలింది, ఆగింది, మళ్ళీ చీలికలోంచే పైకి వెళ్ళింది. ముందు బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఫ్లామినియా వీపు మీద చరిచినట్టు తగిలింది.

“ఈవారం పైగొంతు వేరే ఎవరిదో” అంది బ్రిజిదా కళ్ళు తెరిచి. “పెద్దావిడలా ఉంది పాపం. ఎవరి మనిషో. వినేవాళ్ళెవరైనా ఉన్నారో లేదో.”

“ఉన్నారు” అంది ఫ్లామినియా. “మా మనిషే.”

బ్రిజిదా ఆమె మొహం కేసి చూసి, ఇంకేమీ అడక్కుండా ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పాట అయ్యేదాకా వదల్లేదు.

పూజ అయిపోయాక జనం లేస్తుంటే వీళ్ళు ముగ్గురూ కూర్చునే ఉన్నారు. వెనకటి బిషప్ ఉన్నప్పుడు నెలకోసారి మఠం మాటల గదిలో కూర్చుని చెల్లెలితో కష్టసుఖాలు చెప్పుకునేదాన్నని, కొత్త బిషప్ వచ్చాక అది ఏడాదికోసారి అయిందని బ్రిజిదా చెప్పింది. అందుకని ఆదివారం ఆదివారం గొంతు విని పోతుంది. జలుబు చేస్తే తెలుస్తుంది. దిగులుగా ఉంటే తెలుస్తుంది. ఇంకేం కావాలి అంది.

టెబాల్డో తన కూతురి గురించి అడక్కుండానే చెప్పాడు. చిన్నప్పుడే అంత గొంతు. పెళ్ళిచూపులకి వచ్చిన కుర్రాడు గుమ్మంలో నిలబడితే లోపలినుంచి ‘రండి, కూర్చోండి’ అందట. వాడు మావగారనుకుని టోపీ తీసి తలుపుకి దండం పెట్టాడట. ఆ కథ చెప్పి ఆయన తనే పడీపడీ నవ్వాడు. ఆ గొంతు తనదేననీ, తన తండ్రిదీ అదేననీ, మగపిల్లలకి ఎవరికీ రాలేదనీ చెప్పాడు.

బాధ పడ్డా ఫ్లామినియా ఫ్లామినియానే. ఉండబట్టలేకపోయింది. ఈస్టర్ నాడు ఒకమ్మాయి ఒక్కతే ఒక పాట పాడిందటగా, విన్నారా అని అడిగింది.

అబ్బో, బంగారంలాంటి గొంతంది బ్రిజిదా. మాట మాటా గుండెకి తగిలిందట. వెక్కివెక్కి ఏడ్చిందట. ఫ్లామినియా మొహం వెలిగింది. ఆ వెలుగు మొహం మీద ఉండగానే, చెవి దగ్గరికి వంగి అదే ప్రశ్న గట్టిగా టెబాల్డోని కూడా అడిగింది.

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు.

“నాకు సన్న గొంతులు వినబడటం మానేసి రెండు మూడేళ్ళయింది తల్లీ. లావువి ఇంకా ఉన్నాయి. ఆ రోజు మొదట అందరూ కలిసి ఒకే వరస పాడారు. అందులో మా పిల్లని ఏరుకోలేకపోయాను. తర్వాత అందరూ కళ్ళొత్తుకుంటున్నారు. పాట మొదలైందనుకున్నాను. కాసేపటికి లేచి నిలబడ్డారు. అయిపోయిందనుకున్నాను.”

ఫ్లామినియా ముందు బెంచీ వీపు మీద ఆయన అరచేతులు ఆనించిన చోటు చూసింది.

“మా పిల్లకి తెలియదు నాకు చెముడని” అన్నాడాయన. “నువ్వెవరికైనా చెప్పేవు. లోపల కూర్చుని బెంగపడుతుంది.”

*

ఫాదర్ వచ్చి అడగవలసింది అడిగాడు. ఫ్లామినియా అవునంది. ఎవరి బలవంతమూ లేదంది. తెల్ల ముసుగు కప్పుకుని మళ్ళీ మఠంలోకి వచ్చేసరికి, ఓర్సోలా పెరట్లో నీడన కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది. ఆదివారం పాడిన పాటకి గొంతు బొంగురుపోయి ఇంకా కోలుకోలేదు.

ఫ్లామినియా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకుంది.

“మాటలు వినబడ్డాయా?” అంది ఓర్సోలా.

“లేదమ్మా. ఒక్క ముక్క వినబడలేదు. నేను చెప్పింది నిజమే.”

“నాకూ ఎప్పటినుంచో అనుమానమే. సరే, అన్నమాట ప్రకారం పండగ పాట నీది.”

ఫ్లామినియా రెండు కాయలు వలిచింది. మూడోది వలవబోయి ఆగింది.

“మాటలు వినబడాలనే నేనింకా అంటాను” అంది.

“అను. నువ్వు అనకపోతే ఇక్కడ ఎవరంటారు?”

ఫ్లామినియా మూడో కాయ కూడా వలిచి గింజలు గిన్నెలో వేసింది.

“నాలుగు గొంతుల పాట పాడేటప్పుడు గౌడెంజియా అక్క ఎక్కడ నిలబడుతుందమ్మా?”

“ఇన్నాళ్ళూ పక్కనే ఉండి చూడలేదూ? వెనకాల, గోడ వార. పొడుగు మనిషి కదా, అందరి తలల మీదనుంచీ పుస్తకం కనబడుతుంది.”

“జాలీ దగ్గరికి తెస్తే?”

“అక్కణ్ణించి పుస్తకం కనబడదు.”

“పుస్తకం బల్లే జాలీ దగ్గరికి జరిపితే? ఆమె ముందు, ఇప్పోలిటా అక్క పక్కన. నేను వెనక నిలబడతాను. నాకు నా వరస చూడక్కర్లేదు, వచ్చు.”

ఓర్సోలా చేతులు ఆగిపోయాయి. పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల తల వంచుకుని, ఎప్పుడో వలిచేసిన కాయని మళ్ళీ వలుస్తోంది.

ఎందుకని ఓర్సోలా అడగలేదు. ఒళ్ళో ఉన్న తొక్కలు దులుపుకుని, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

“ఆ బల్ల చాలా బరువే. ఒక్కదానివల్ల కాదు. పద, ఒక చివర నేను పట్టుకుంటాను.”